ఇంకో పట్టీ

పాత పికప్ బండి వయసు తెలుసుకోవడానికి ఆర్‌సీ కార్డు అడగక్కర్లేదు. అది ఖాళీగా ఉన్నప్పుడు పక్కన పదడుగుల దూరంలో నిలబడి చూస్తే చాలు. ముందు బంపరు పైకి లేచి ఉంటుంది. వెనక టైరుకీ దాని పైనున్న మడ్‌గార్డుకీ మధ్య ఒకప్పుడు జానెడు ఖాళీ ఉండేది, ఇప్పుడు నాలుగు వేళ్ళు కూడా పట్టవు. బండిలో ఒక్క బస్తా లేదు, అయినా నిండా లోడు ఎత్తినట్టే ఉంటుంది. డ్రైవర్ల మాటలో చెప్పాలంటే కట్టలు, అంటే బండిని మోసే స్ప్రింగు పట్టీల కమాన్లు, కూర్చున్నాయి.

ఈ జబ్బుకు ఒక ప్రత్యేకత ఉంది. ఇంజన్ పొగ కక్కితే యజమాని ఆ రోజే షెడ్డుకు పరిగెడతాడు. గేరు పడకపోతే బండి కదలదు కాబట్టి అదీ వాయిదా పడదు. కమాను మాత్రం ఏళ్ళ తరబడి, ఎవరికీ చెప్పకుండా, వెంట్రుకవాసి చొప్పున దిగుతూ పోతుంది. రోజూ చూసే కంటికి అది ఆనదు. ఏ బావమరిదో పండక్కి వచ్చి, "అదేంటి బావా, బండి వెనక్కి వాలిపోయింది?" అన్నాక గాని ఇంటాయనకు తెలియదు. తెలిశాక మాత్రం అదే కనిపిస్తుంటుంది.

పికప్ అంటే మన దగ్గర ఊరి వ్యాపారానికి కాళ్ళు. టాటా 207లూ మహీంద్రా పికప్‌లూ ముందునుంచీ తిరుగుతున్నవే. 2005 మేలో 750 కిలోల మోతతో టాటా ఏస్ దిగాక, మూడు చక్రాల ట్రాలీ ఆటోకీ పెద్ద లారీకీ మధ్య ఉన్న ఖాళీ ఒక్కసారిగా నిండిపోయింది. మదనపల్లె టమాటా, రావులపాలెం అరటి గెలలు, గుంటూరు యార్డుకు వెళ్ళే మిర్చి టిక్కీలు, కడియం మొక్కలు, పెళ్ళి పందిరి సామాను, వినాయకుడి విగ్రహం, ఎన్నికల మైకుసెట్టు, ఏదైనా సరే ఈ బండ్ల మీదే. అయితే కాగితం మీద రాసిన బరువు వేరు, యార్డు దగ్గర ఎక్కే బరువు వేరు. 1,300 కిలోలు మోసే పికప్‌లో 25 కిలోల టమాటా ట్రేలు లెక్క ప్రకారం 52 పట్టాలి. ఇంకో ఇరవై ట్రేలు పైన సర్దితే అదనంగా 500 కిలోలు. దానికి తోడు, బండి కొన్న వారంలోనే చుట్టూ కట్టించిన ఇనుప రెయిలింగు, కింద పరిపించిన దళసరి రేకు, స్టెప్నీ, జాకీ, తాళ్ళు, టార్పాలిన్ పట్టా. ఇవి ఏ రోజూ దిగని లోడు. "ఒక ట్రిప్పులో పోయేదానికి రెండు ట్రిప్పులు వేస్తే డీజిలు ఎవరు పోస్తారండీ?" అని యజమాని అడిగితే సమాధానం చెప్పడం కష్టమే. ఫైనాన్స్ కంపెనీ కిస్తీ తేదీకి టమాటా ధరతో పని లేదు.

విజయవాడ ఆటోనగర్‌లోనో, గాజువాకలోనో, హైదరాబాదులో వనస్థలిపురం పక్కనున్న ఆటోనగర్‌లోనో కమాన్ల పని చేసే షెడ్డు ఎక్కడుందో అడగక్కర్లేదు. చప్పుడే దారి చూపిస్తుంది. గోడకు ఆనించి పొట్టివీ పొడుగువీ నల్లటి పట్టీలు వరసగా నిలబెట్టి ఉంటాయి. పాత ఇంజన్ ఆయిల్ తాగి తాగి నేల తారు రంగుకు తిరిగి ఉంటుంది. బండి లోపలికి వస్తుండగానే, ఇంకా కిందికి దూరకముందే, మేస్త్రి తీర్పు చెప్పేస్తాడు.

"ఇంకో పట్టీ వేసేద్దాం అన్నా. ఇక కూర్చోమన్నా కూర్చోదు."

ఈ వ్యాసానికి పేచీ అంతా ఆ మాటతోనే.

ముందు కట్టను విప్పి చూడాలి. అన్నిటికంటే పైన మెయిన్ పట్టీ. దాని రెండు కొసలూ గుండ్రంగా చుట్టి కళ్ళు చేసి ఉంటాయి, ఆ కళ్ళలో బుష్‌లు. ముందు కన్ను ఛాసిస్‌కు పిన్నుతో బిగిసి ఉంటుంది, వెనక కన్ను షాకిల్‌కు వేలాడుతుంది. బరువు పడ్డప్పుడు వంపు తగ్గి పట్టీ పొడుగు సాగుతుంది కదా, ఆ సాగడానికి చోటిచ్చేది ఊగే షాకిల్. మెయిన్ పట్టీ కింద ఒకదానికంటే ఒకటి పొట్టిగా మిగతా పట్టీలు. అన్నిటి నడిమధ్యన ఒక రంధ్రం, అందులో సెంటర్ బోల్టు. మొత్తం కట్టను ఇరుసుకు అదిమి పట్టేవి యూ బోల్టులు. పదేళ్ళు తిరిగిన కట్టను విడదీస్తే పట్టీల మధ్యనుంచి గోధుమ రంగు తుప్పు పొడి రాలుతుంది. కింది పట్టీ కొస పై పట్టీని ఒరుసుకుని ఒరుసుకుని, ఆ చోట వేలి గోరు దిగేంత గాడి పడి ఉంటుంది. గాడిలో ఇనుము అద్దంలా మెరుస్తుంటే అది ఇంకా అరుగుతోందని అర్థం. పట్టీ విరిగితే చాలా సార్లు అక్కడ విరుగుతుంది, లేకపోతే సెంటర్ బోల్టు రంధ్రం దగ్గర.

గాడీ తుప్పూ కంటికి కనబడే సంగతులు. కనబడని సంగతి ఒకటి ఉంది, అసలు తమాషా అందులోనే ఉంది. కూర్చున్న కమాను బలం పోయిన కమాను కాదు.

స్ప్రింగు మీద ఎంత బరువు వేస్తే అంత దిగుతుంది, రెట్టింపు వేస్తే రెట్టింపు దిగుతుంది. ఈ సూత్రాన్ని ఇంగ్లండులో రాబర్ట్ హుక్ కనిపెట్టాడు. కనిపెట్టినవాడు ఊరికే చెప్పలేదు. ఎవరైనా కొట్టేస్తారని భయపడి 1676లో అక్షరాలను కలగాపులగం చేసి పొడుపుకథలా అచ్చు వేయించాడు, 1678లో తానే విప్పాడు. ఇక పట్టీల కట్ట ఎంత గట్టిగా ఉంటుందన్నది పట్టీ వెడల్పు, దళసరి, పొడుగు, పట్టీలు ఎన్ని, అవి ఏ లోహం అనే వాటి మీద ఆధారపడుతుంది. వంపు తగ్గిందని వీటిలో ఏదీ మారదు. కొత్త కట్ట మీద 100 కిలోలు పెడితే 10 మిల్లీమీటర్లు దిగిందనుకుందాం. పదేళ్ళుగా కూర్చున్న కట్ట మీద అదే 100 కిలోలు పెట్టినా దిగేది ఆ 10 మిల్లీమీటర్లే. తేడా అంతా ఎక్కడినుంచి దిగడం మొదలుపెట్టిందన్న దాంట్లో ఉంది. కొత్తది విల్లులా వంగి మొదలుపెడుతుంది. పాతది సగం చదునై మొదలుపెడుతుంది, అందుకే మధ్యలోనే ఛాసిస్ కింది రబ్బరు దిమ్మకు ఇరుసు తగిలి 'దబ్' మంటుంది.

తుప్పు తిన్న పట్టీ సంగతి వేరు. దళసరి విషయంలో లెక్క మహా కఠినం. 8 మిల్లీమీటర్ల పట్టీ తుప్పుకూ అరుగుడుకూ 7 మిల్లీమీటర్లయితే పోయింది ఎనిమిదో వంతే కదా అనిపిస్తుంది. కానీ గట్టితనం దళసరికి ఘనంలో ఉంటుంది. అంటే మూడింట ఒక వంతు గట్టితనం పోయినట్టు. అలాంటి పట్టీకి ఏ వైద్యమూ లేదు, పాత సామాను కొట్టుకు పంపడమే. పట్టీలు దళసరిగానే ఉండి, పగుళ్ళు లేకుండా, వంపు మాత్రమే పోయిన కట్ట ఆ కోవకు రాదు. రెండిటికీ ఒకే మందు రాయడం దగ్గరే తప్పు మొదలవుతుంది.

వంపు ఎలా పోతుంది? ఉక్కుకు ఒక హద్దు ఉంటుంది. ఆ లోపల ఎంత వంచినా వదిలేస్తే యథాస్థానానికి వస్తుంది. హద్దు దాటితే కొంచెం అలాగే ఉండిపోతుంది. నిలబడి ఉన్న బండి లోడు హద్దు లోపలే ఉండొచ్చు. అదే బండి గతుకులో పడ్డ క్షణంలో కట్ట మీద పడే భారం రెట్టింపు కూడా కావచ్చు. ముందే నిండుకు మించి ఎత్తిన బండికి ఆ ఒక్క క్షణమే కొంప ముంచుతుంది. తారు లేచిపోయిన రోడ్డు మీద అలాంటి క్షణాలు మైలుకు ఎన్ని! ప్రతిదీ ఇంత చొప్పున వంపు తీసుకుపోతుంది, తిరిగి ఇవ్వదు.

ఫ్యాక్టరీలో ఈ ముప్పుకు ముందుగానే విరుగుడు ఆలోచిస్తారు. సిలికాన్, మాంగనీసు, క్రోమియం కలిసిన ఉక్కు పట్టీని ఇంచుమించు 900 డిగ్రీల దాకా కాల్చి, ఎర్రగా ఉండగానే వంపు తిప్పి, నూనెలో ముంచుతారు. అప్పుడది గాజంత పెళుసుగా తయారవుతుంది. దాన్ని మళ్ళీ 450, 500 డిగ్రీల దగ్గర కాసేపు ఉంచి పెళుసుతనం తీస్తారు. తరవాత లోడు పడ్డప్పుడు సాగే పక్క మీద చిన్న చిన్న ఉక్కు గుళ్ళను వడగళ్ళ మాదిరి కురిపిస్తారు. ఆ దెబ్బలకు పైపొర బిగుసుకుని పగుళ్ళు పుట్టడానికి ఒప్పుకోదు. చివర్న, రోడ్డు మీద ఎప్పుడూ పడనంత భారంతో కట్టను ఒకసారి గట్టిగా నొక్కుతారు. కూర్చోవలసిన మొదటి కూర్చోవడమేదో ఫ్యాక్టరీలోనే కూర్చోబెట్టేస్తారన్న మాట. అలా నొక్కడం వల్ల లోహం లోపల మిగిలిపోయే ఒత్తిడి, రేపు పడబోయే లోడుకు ఎదురు నిలుస్తుంది.

షెడ్డులో జరిగేది దీనికి తలకిందులు. విప్పిన పట్టీని రెండు ఇనుప దిమ్మల మధ్య ఖాళీ మీద పెట్టి, లోపలి వంపు మీద పెద్ద సుత్తితో కొడతారు. ఒకరు పట్టీని అంగుళం అంగుళం జరుపుతుంటే ఇంకొకరు దెబ్బ వేస్తారు. దెబ్బ దెబ్బకూ పట్టీ వంగుతుంది. నేల మీద సుద్దతో గీసుకున్న వంపు పక్కన పెట్టి సరిపోయిందో లేదో చూస్తారు. రెండు పక్కల కట్టలకూ ఒకే వంపు రావాలి. ఆ కంటి నేర్పునూ ఆ చేతి వాటాన్నీ తక్కువ చేయడానికి వీల్లేదు. అయితే చల్లగా ఉన్న పట్టీని అలా వెనక్కి వంచినప్పుడు లోహంలో మిగిలే ఒత్తిడి లోడుకు ఎదురు నిలిచేది కాదు, లోడుతో చేయి కలిపేది. అందుకే కొట్టించిన కమాను కొత్త కమానంత కాలం నిలవదు. కొందరు బొగ్గుల కొలిమిలో ఎర్రగా కాల్చి వంచి, నూనెలోనో నీళ్ళలోనో ముంచి వదిలేస్తారు. రెండోసారి కాచే ఓపిక ఉండదు. అది ఇంకా ప్రమాదం. గట్టిపడితే గాజులా పగులుతుంది, మెత్తబడితే నెలలోనే మళ్ళీ చతికిలబడుతుంది. కొట్టించడమా, కొత్తది వేయించడమా అని అడిగితే, చేతిలో డబ్బులుంటే రెండు పక్కలా కొత్త కట్టలే. లేకపోతే కొట్టించుకోవడంలో నామోషీ ఏమీ లేదు, మళ్ళీ కూర్చుంటుందని తెలిసి కొట్టించుకోవాలి, అంతే.

ఇక ఆ "ఇంకో పట్టీ" దగ్గరికి వద్దాం. లెక్క కోసం 8 మిల్లీమీటర్ల పట్టీలు ఆరున్న కట్టను తీసుకుందాం. అదే దళసరిలో ఇంకొకటి కలిపితే గట్టితనం ఆరో వంతు, అంటే దాదాపు 17 శాతం పెరుగుతుంది. ఖాళీ బండిలో ఆ కట్ట మీద 300 కిలోల భారం ఉంది, మిల్లీమీటరు దిగడానికి 10 కిలోలు కావాలి అనుకుంటే, ఆరు పట్టీలతో 30 మిల్లీమీటర్లు దిగుతుంది. ఏడు పట్టీలతో 26. పైకి లేచింది 4 మిల్లీమీటర్లు! మరి షెడ్డునుంచి బయటికొచ్చేటప్పుడు బండి రెండంగుళాలు లేచి కనిపించింది కదా? లేచింది. కొత్త పట్టీకి పాతవాటికంటే ఎక్కువ వంపు తిప్పి ఇరికించారు కాబట్టి లేచింది. లేపింది వంపే. ఆ వంపేదో పాత పట్టీలకే తిరిగి తెప్పించినా, కొత్త కట్ట వేసినా అంతే లేచేది, పైన గట్టితనం కలవకుండా. పైగా ఎక్కువ వంపుతో ఇరికించిన పట్టీ బిగించిన క్షణంనుంచే మిగతావాటి వాటా కూడా తానే మోస్తుంటుంది. నాలుగు నెలలకు ఠంగుమని విరిగేది ఎక్కువగా అదే. "కంపెనీ పట్టీ బాగానే ఉందిగానీ అన్నా, నువ్వు తెచ్చిన పట్టీయే డూప్లికేటు" అని అప్పుడు మేస్త్రి అంటాడు. పాపం, తయారు చేసినవాడి తప్పు అందులో ఏమీ ఉండకపోవచ్చు.

కొందరు ఒక అడుగు ముందుకు వేసి, ఎనిమిదికి బదులు 10 మిల్లీమీటర్ల లారీ పట్టీ వేయిస్తారు. దళసరి ఘనం లెక్క ఇక్కడ అడ్డం తిరుగుతుంది. ఆ ఒక్క పట్టీయే దాదాపు రెండు పట్టీల పెట్టు. నిండు లోడుతో బండి భేషుగ్గా పోతుంది. అన్‌లోడ్ చేసి తిరిగొచ్చే దారిలో తెలుస్తుంది దాని రంగు. ప్రతి గతుకుకూ వెనక చక్రాలు నేల విడిచి ఎగురుతాయి. కూర్చున్నవాడి వెన్నుపూసలు ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. మనిషి ఒళ్ళు కిందికీ పైకీ ఊగే ఊపుల్లో సెకనుకు 4 నుంచి 8 సార్లు ఊగే ఊపును అన్నిటికంటే ఎక్కువ బాధగా అనుభవిస్తుందని కొలిచి చూసినవాళ్ళు చెబుతారు. స్ప్రింగు బిగుసుకునే కొద్దీ బండి ఊపు ఆ దిక్కుకే జరుగుతుంది. ఎద్దు పుండు కాకికి ముద్దా అన్నట్టు, నడుం నొప్పి డ్రైవరుకు, నిబ్బరం యజమానికి.

అంతకంటే పెద్ద చిక్కు వేరే ఉంది. పట్టీ కలిపిన సంగతి బండిలో మిగతా భాగాలకు తెలియదు. ఇరుసు అదే, బేరింగులు అవే, టైర్లు అవే, బ్రేకు డ్రమ్ములు అవే, ఛాసిస్ అదే. ఏడో పట్టీ వాటిలో దేనికీ ఒక్క కిలో బలం ఇవ్వలేదు. ఇచ్చిందల్లా యజమానికి ధైర్యం. ముందు 70 ట్రేలు ఎత్తితే బండి వాలిపోయి కనబడేది, సిగ్గుపడి అక్కడ ఆపేవాడు. ఇప్పుడు 80 ఎత్తినా నిటారుగానే ఉంటుంది. అతిలోడు ఉందని చూడగానే చెప్పే గుర్తు ఒకటి ఉండేది, దాన్ని డబ్బులిచ్చి తీయించుకున్నట్టయింది. చట్టం కూడా పట్టీలు లెక్కపెట్టదు. 2018 జులైలో కేంద్రం భారీ వాహనాల ఇరుసు బరువు పెంచి, రెండు ఇరుసుల లారీకి మొత్తం బరువును 16.2 టన్నులనుంచి 18.5 టన్నులు చేసింది. పికప్‌కు మాత్రం ఆర్‌సీలో ఉన్న అంకే హద్దు. 2019 సవరణ తరవాత మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్‌లో అతిలోడుకు జరిమానా 20,000 రూపాయలు, దాటిన ప్రతి టన్నుకూ ఇంకో 2,000. కట్టలో పట్టీలు పెరిగాయని ఆ కార్డు మీద అంకె మారదు.

బ్రేకుల విషయం కొంచెం ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే షెడ్డుల్లో దీన్ని ఎక్కువమంది పట్టించుకోరు. కొన్ని పికప్‌లలో వెనక ఇరుసునుంచి ఛాసిస్ మీదున్న ఒక వాల్వుకు సన్నటి కడ్డీ ఉంటుంది. లోడు ఎక్కి ఛాసిస్ కిందికి దిగితే ఆ కడ్డీ కదిలి, వెనక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి పంపమని వాల్వుకు చెబుతుంది. ఖాళీగా ఉంటే తక్కువ పంపమంటుంది. కట్టలు కూర్చున్న బండిలో ఖాళీగా ఉన్నా వాల్వు లోడుందనే అనుకుంటుంది. వాన కురిసిన రోడ్డు మీద గట్టిగా బ్రేకు తొక్కితే, పైన బరువు లేని వెనక చక్రాలు బిగుసుకుపోయి బండి అడ్డంగా జారుతుంది. పట్టీలు ఎక్కువేసి లేపిన బండిలో దీనికి ఎదురు. నిండు లోడున్నా వాల్వు ఖాళీ అనుకుని వెనక బ్రేకును పిసినారిగా ఇస్తుంది. ఎత్తు మారినప్పుడల్లా ఆ కడ్డీ అమరిక సరిచూడాలి. పని రాని కుర్రాడైతే, "అడ్డంగా ఉంది" అని ఊడదీసి తీగతో కట్టేస్తాడు కూడా.

ఎదురుగా వచ్చేవాళ్ళ గోడు కూడా ఉంది. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య 3 మీటర్ల దూరం ఉన్న బండి వెనకవైపు 5 సెంటీమీటర్లు దిగితే, ముందు లైట్ల వెలుగు ప్రతి 10 మీటర్లకూ దాదాపు 17 సెంటీమీటర్ల చొప్పున పైకి లేస్తుంది. డిమ్ లైటును మామూలుగా 10 మీటర్లకు ఓ 10 సెంటీమీటర్లు కిందికి వాలేలా అమరుస్తారు. ఆ వాలు మొత్తం తుడిచిపెట్టుకుపోయి వెలుగు ఇంకా పైకే చూస్తుందన్న మాట. రెండు వరసల రోడ్డు మీద రాత్రి పూట ఎదురుగా మోటారు సైకిలు మీద వచ్చేవాడు, "డిమ్ కొట్టరా బాబూ" అని తిట్టుకుంటాడు. ఈ డ్రైవరు డిమ్‌లోనే ఉంటాడు. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడటం లేదు.

పికప్‌ను ఇంటి బండిగా వాడుకునే అమెరికాలోనూ ఇదే కథ. అక్కడ ఒక పట్టీ కలుపుకునే సామగ్రి పెట్టెలో పెట్టి అమ్ముతారు, ఇంటి వాకిట్లోనే బిగించుకుంటారు. కొందరు పట్టీల జోలికి పోకుండా పొడుగు షాకిల్ వేసి వెనక భాగం లేపుతారు. షాకిల్ రెండంగుళాలు పెంచితే బండి లేచేది అంగుళమే, ఎందుకంటే కట్టకు ఒక్క కొసే లేస్తుంది. దానితో ఇరుసు మెడ తిరిగి ప్రొపెల్లర్ షాఫ్టు జాయింట్ల కోణం మారుతుంది, ఒక వేగం దాటగానే బండి కింద వణుకు మొదలవుతుంది. పట్టీ విరగడం ఎంత పెద్ద సంగతో కూడా అక్కడే పెద్ద ఎత్తున బయటపడింది. 2014 సెప్టెంబరులో టయోటా 2005 నుంచి 2011 దాకా మోడళ్ళ టకోమా పికప్‌లను, దాదాపు 6,90,000 బండ్లను, వెనక పట్టీల కోసమే వెనక్కి పిలిచింది. భారానికీ తుప్పుకూ పట్టీ విరిగి, విరిగిన ముక్క పక్కనున్న ఇంధనం ట్యాంకు లాంటి వాటిని తాకవచ్చన్నది కారణం. ఫ్యాక్టరీ పట్టీ విషయంలోనే అంత జాగ్రత్త పడితే, వీధి చివర షెడ్డులో పాత లారీనుంచి ఊడదీసి వేసిన పట్టీ గురించి ఎంత ఆలోచించాలి?

విరిగినా కూర్చున్నా పట్టీకి మాత్రం బతుకు అక్కడితో ఆగదు. పాత సామాను కొట్టునుంచి అది కమ్మరి కొలిమికి చేరుతుంది. కొడవలి, గొడ్డలి, మాంసం కొట్టు కత్తి, రోడ్డు పక్కన కొబ్బరి బోండాలు కొట్టే కత్తి, వీటిలో చాలా వాటి ఉక్కు ఒకప్పుడు ఏదో బండి కింద లోడు మోసినదే. అంత మంచి ఉక్కు బజారులో ఆ ధరకు ఇంకోచోట దొరకదు. కమ్మరి మాత్రం దాన్ని కాల్చాక చల్లార్చడంలో తొందరపడడు. అతని దగ్గర కొన్న కొడవలి నెలకే మొద్దుబారితే రైతు ఊరంతా చెబుతాడు.

సరైన మరమ్మతు షెడ్డు దాకా వెళ్ళకముందే మొదలవుతుంది. సమతలంగా ఉన్న సిమెంటు నేల మీద ఖాళీ బండిని నిలబెట్టి, టైర్లలో గాలి సమానంగా పెట్టి, వెనక చక్రం మధ్యనుంచి నిటారుగా మడ్‌గార్డు అంచు దాకా టేపుతో కొలవాలి, రెండు పక్కలా. ఒక పక్కే దిగి ఉంటే కట్ట కూర్చుందనడం తొందరపాటు. ఆ పక్క పట్టీ విరిగి ఉండొచ్చు, షాకిల్ తుప్పు పట్టి కదలకుండా బిగుసుకుని ఉండొచ్చు, బుష్ అరిగి పోయి ఉండొచ్చు. వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో కాకుండా పక్కగా నడుస్తున్నాయంటే సెంటర్ బోల్టు తెగి ఇరుసు జరిగినట్టు. దానికి పట్టీలు ఎన్ని వేసినా లాభం లేదు. రెండు పక్కలా సమానంగా దిగి, పట్టీలు దళసరిగా ఉంటే అప్పుడు అది నిజంగా వంపు పోయిన కేసు. ఆ పని ఎప్పుడూ జతగానే చేయించాలి. ఒక పక్క కొత్తదీ ఒక పక్క పాతదీ అయితే బండి జీవితాంతం ఒరిగే నడుస్తుంది.

బిగించేటప్పుడు మూడు సంగతుల్లో మేస్త్రితో మొహమాటపడకూడదు. పాత యూ బోల్టులు మళ్ళీ వేయనివ్వకూడదు. ఒకసారి సాగి బిగిసిన బోల్టు రెండోసారి అదే పట్టు ఇవ్వదు. కొత్తవి వేశాక ఓ వారం తిరిగి, మళ్ళీ వచ్చి బిగింపు సరిచూపించుకోవాలి, ఎందుకంటే పట్టీలు ఒకదాని మీద ఒకటి సర్దుకునే కొద్దీ బోల్టులు వదులవుతాయి. రబ్బరు బుష్‌లున్న బండిలో పిన్నుల చివరి బిగింపు చక్రాలు నేలకు ఆనించాకే వేయాలి. జాకీ మీద గాలిలో ఉండగా బిగిస్తే, బండి దిగగానే రబ్బరు మెలితిరిగి ఆర్నెల్లకు చిరిగిపోతుంది. పట్టీ దగ్గర్లో వెల్డింగు చేయవలసి వస్తే పట్టీని తడి గోనె సంచితో కప్పించాలి. పట్టీ మీద మాత్రం నిప్పురవ్వ కూడా పడనివ్వకూడదు. వెల్డింగు చుక్క పడ్డచోట ఉక్కు పెళుసెక్కి అక్కడినుంచే పగులుతుంది. విరిగిన పట్టీకి వెల్డింగు పెట్టి ఇస్తామన్న షెడ్డునుంచి బండిని తిప్పుకుని వచ్చేయడం మేలు. ఇక బండి కింద పని జరుగుతున్నంతసేపూ జాకీని నమ్మకూడదు. ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టాల్సిందే. సెంటర్ బోల్టు విప్పే ముందు కట్టను బిగింపు పట్టులో పట్టకపోతే, వంపులో దాగిన బలం ఒక్కసారిగా విచ్చుకుని ఎదురుగా ఉన్నవాడి దవడ పగలగొట్టగలదు.

పని అయిపోయాక, బండి ఇంటికి తేకముందే, అదే సిమెంటు నేల మీద ఖాళీగా నిలబెట్టి మళ్ళీ కొలవండి. రెండు పక్కల అంకెలూ, తేదీతో సహా, డ్రైవరు తలుపు లోపలి అంచు మీద పెయింటుతో రాయించండి. ఆరు నెలలకోసారి టేపు పెట్టి చూడండి. అంకె దిగిపోతోందంటే షెడ్డుకు వెళ్ళే ముందు ఒకసారి యార్డులో ట్రేలు లెక్కపెట్టుకోండి.